పొడవైన పేరు

హెచ్చరిక మొదట ఒక్కటే వచ్చింది,
గొంతు సవరించుకున్నట్టు.
ఇప్పటికి నడుస్తుంది గాని ఇకముందు చెల్లదని.
సాయంత్రానికి లాగ్ ఫైల్ నిండా అదే మాట,
నాలుగు వేల మూడు వందల సార్లు.

టోర్స్‌హౌన్ రేవులో చేపల గిడ్డంగి పై అంతస్తు.
మా పార్సిళ్ల కంపెనీ కిటికీ మీద
వాన అడ్డంగా కురుస్తుంది.
ఇక్కడ ఎవరి చేతిలోనైనా గొడుగుంటే
నిన్ననే దిగాడని అర్థం.

ఈ కోడు హానుస్ రాసింది.
ఆయన దీన్ని వదిలేసి గొర్రెల దగ్గరికి పోయి చాలా కాలమైంది.
ఫంక్షన్ల మధ్య వ్యాఖ్యల్లో ఇంకా ఆయన లెక్కలున్నాయి:
నలభై రెండు ఆడవి, ఒకటి కుంటిది.
కిందనే, ఈ వరస ముట్టుకోవద్దు.
ఏ వరసో రాయలేదు.

ముట్టుకున్నాను.
ఎరెగ్ కనిపించిన చోటల్లా ప్రెగ్ మ్యాచ్.
పాతది నమూనాను ఉత్త చేతుల్లో పట్టుకునేది.
కొత్తదానికి అటొక గీత ఇటొక గీత కావాలి,
గట్టు లేని చెక్కలో కాలు పెట్టదు.
చిన్నక్షరం పెద్దక్షరం తేడా చూడని ఎరెగీకి
తోకన ఒక ఐ తగిలించాను.
మా అక్షరాలకి నెత్తిన గుర్తులుంటాయి,
కొన్నిటికి కడుపులో అడ్డగీతలు.
వాటిని బైట్లుగా తరిగిపెట్టకుండా ఇంకో యు.
స్ప్లిట్ తీసి ఎక్స్‌ప్లోడ్ పెట్టాను.
పేరు విని జడుసుకోనక్కర్లేదు,
కామా దగ్గర తుంచుతుంది, అంతే.

బుధవారానికి లాగ్ ఖాళీ.
ఎయ్‌బ్యోర్న్ రేవల్చిన్ని కేకు తెచ్చాడు,
వాళ్లమ్మ తోటది, పళ్లు పులిసిపోయేంత పులుపు.

శుక్రవారం ఫోను మోగింది.
సాండవాగుర్ నుంచి, బిల్హిల్డ్ అనే పెద్దావిడ.
"నా చెవి మిషన్ బ్యాటరీలు రాలేదు.
గట్టిగా చెప్పు, వినపడదు."
వెతికితే పెట్టె సాండ్‌లో ఉంది.
సముద్రం దాటి, వేరే దీవిలో,
పరాయి ఊరి అలమరలో కూర్చుని.
దాంతోపాటు పదిహేడు పెట్టెలు, ఒక ట్రాక్టర్ టైరు,
ఎవరి పెళ్లికో కుట్టించిన వెండి గుండీల చొక్కా.
సొరంగం ఇంకా తవ్వుతున్న ఏడది.
గాలి తగ్గితే గాని ఓడ లేదు.

కోడు తెరిచాను.
నమూనాలో ఒక్క అక్షరం మారలేదు:
సాండ్, నిలువు గీత, సాండవాగుర్.
ఇదైనా సరే, అదైనా సరే.

రాత్రి తొమ్మిదికి హానుస్‌కి ఫోన్ చేశాను.
ఆయన వెనక కుక్క, కుక్క వెనక గాలి.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
"పాతదానికి తొందర లేదు సున్‌వోర్.
రెండు పేర్లూ కుదిరితే
చివరిదాకా విని పొడవైంది తీసుకునేది.
నీ కొత్తది చురుకైంది.
ముందు రాసింది కుదిరిందంటే
ఇక చెవి మూసుకుంటుంది."

ముట్టుకోవద్దన్న వరస ఏదని అడిగాను.
"గొర్రెలదేలే," అన్నాడు.
"కోడు సంగతి ఎవడికి గుర్తు?"

మరమ్మతు అర నిమిషం.
సాండవాగుర్‌ను ముందుకి జరిపి సాండ్‌ను వెనక్కి నెట్టాను.
తర్వాత తెల్లవార్లూ
పద్దెనిమిది దీవుల ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే దానికి తినిపించి
ఏది ఎవరి కడుపులో దాక్కుందో చూశాను.
ఇంకో మూడు జంటలు దొరికాయి.
వాటిలో ఒక ఊళ్లో ఇప్పుడు మనుషులే లేరు.
అయినా సరిచేశాను.

సోమవారం ఓడకి పెట్టె వస్తుందని చెబుదామని
బిల్హిల్డ్‌కి మళ్లీ ఫోన్ చేశాను.
ఎదుటివాళ్ల మాట నేనే ముగించడం నాకు అలవాటు,
మా ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు.
"ఎక్కడికి పోయిందటా?" అంది ఆవిడ.
చెప్పాను, గట్టిగా, రెండుసార్లు.
"సాండ్..."
అని ఆగింది.
ఊరి పేరు అక్కడితో అయిపోయిందో,
ఆవిడ నోట్లో ఇంకా కొంత మిగిలుందో.

తీగ మీద గాలి చప్పుడు.
నేను ఏమీ అనలేదు.