గోడ మీది గిన్నె

రాత్రి పదకొండున్నర. అలిపిరి మెట్లదారి దీపాలు
ల్యాబు కిటికీలో వంకరగా వేలాడుతున్నాయి.
చీకటి గదిలో నేనూ, మైక్రోస్కోపూ,
ఎడమ మడమలో పొద్దున దిగిన తుమ్మముల్లు సలుపూ.

ముల్లు తీసింది కుప్పమ్మక్క.
కొర్లగుంటలో నా గదికి పక్క పోర్షన్.
పిన్నీసు మంటలో కాల్చి,
"మెదలబాకమ్మే, వచ్చేసిండాది" అంటూ.

అద్దం కింద ఒక తెల్లకణం.
బ్యాక్టీరియాను మింగి సంచిలో మూటకట్టింది.
టెన్త్‌లో నేను గీసిన కణం ఇలా లేదు.
ఒక్కో భాగానికి ఒక బాణం, ఒక పేరు,
మైటోకాండ్రియాకి ఆకుపచ్చ రంగు. పదికి పది.
ఆ బొమ్మలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

ఇక్కడ, సంచి పక్కకి
మైటోకాండ్రియాలు ఒక్కొక్కటే వచ్చి ఆనుకుంటున్నాయి.
అంతర్జీవ ద్రవ్యజాలం, నోరు తిరగని ఆ పేరుగలది,
సన్నటి చెయ్యి చాపింది.
కలిసిపోవు.
వెంట్రుకని నాలుగువేల పోగులు చేస్తే
ఒక్క పోగంత సందు మిగుల్చుకుంటాయి.
క్యాల్షియం చేతులు మారేది ఆ సందులోనే.

కుప్పమ్మక్క కూడా పిలవదు.
గరిటెతో గోడని రెండుసార్లు తడుతుంది.
వెళ్ళి చూస్తే పిట్టగోడ మీద గిన్నె,
సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి.

మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు
బయటి బ్యాక్టీరియానేనట.
మింగినా అరగక మిగిలిపోయి
కోట్ల ఏళ్ళుగా ఈ ఇంటికి పొయ్యి అయింది.
దెబ్బ తగిలి చిరిగిందా,
లోపలి పాత రాత బయటికి కారుతుంది.
కాపలావాళ్ళు అది చదివి
ఎవడో పరాయివాడు దూరాడని కేకేస్తారు.

మొన్న రేషన్ షాపు కాడ
అక్క సంచి చినిగి బియ్యం కారిపోతుంటే
కంగారులో నోటికి తమిళం వచ్చేసింది.
తిరుత్తణి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు.
లైన్లో ఎవరో అన్నారు, "అరవామె."
వాడి ఇంట్లో ముగ్గురు పిల్లలకి పురుడు పోసిన చెయ్యి అది.

కణాన్ని తప్పుపట్టలేను.
ఆ కేక లేకపోతే నా మడమ వాయదు, మానదు.
లైన్లో వాడి కేకతో ఏం మానిందో
నా నోట్‌బుక్కులో రాయడానికి గడి లేదు.
రాసింది ఇంతే:
పదకొండు యాభై ఎనిమిది. ఇంకా ఆనుకునే ఉన్నాయి.

మడమ సలిపింది, వెంటనే ఇంకోసారి.
తెల్లారేసరికి ఇంటికి పోవాలి.
అక్క గిన్నె కడగకుండా వచ్చేశాను,
వట్టిగా తిరిగివ్వడం బాగుండదు,
గదిలో చింతపండు తప్ప ఏముందో.