తలుపు కాడి గింజలు

కాజీపేట రైల్వే బడిల
వెంకట్రాజం సారు యుద్ధాన్ని గచ్చు మీద పరుస్తుండె.
చింతగింజలు ఫ్రాన్సు, కానుగ గింజలు ఇంగ్లండు,
సుద్దముక్క అడ్డం పెడితే గుట్ట.
వాటర్లూ అని బోర్డు మీద రాసి, చేతులు దులుపుకొని
"ముందటి రాత్రి వాన పడ్డది, రాసుకోండ్రి" అన్నడు.

నల్లరేగడిల పుట్టినోళ్లం,
రాసుకోకున్నా తెలిసింది.
పత్తిబండి ఇరుసుదాకా దిగితే
ఎడ్లు నురుగు కక్కుడు చూసినోళ్లకు
ఫిరంగి ఎందుకు కదల్లేదో ఒకరు చెప్పాల్నా?
నేల ఆరేదాక ఆగిండట నెపోలియన్.
పొద్దెక్కింది.
సారు తన గడియారం చూసుకున్నడు, తనకే ఆలస్యమైనట్టు.

క్లాసంత చక్రవర్తి దిక్కే.
సారు మాత్రం జేబుల దాచిన గుప్పెడు గింజలు
దూరంగ తలుపు కాడ పోసిండు.
"గీయన గ్రూషీ. ముప్పై వేల మంది.
మోత చెవుల పడ్డది. అటు పోదామని
పక్కనున్నోడు బతిమిలాడిండు.
నాకు చెప్పిన పని వేరే అన్నడీయన.
అప్పుడు స్ట్రాబెర్రీలు తింటుండెనంటరు."
"అవెట్లుంటయి సార్?"
సారు కూడ తిననే లేదు.
"రేగుపండ్ల లెక్కనే. గింజలు బయటుంటయి."
గంట కొట్టిన్రు.
ఇంటికి ఉరికేటోళ్లం గ్రూషీని తొక్కుకుంట పోయినం.

ముప్పై ఏండ్లకు, శ్రావణం, మూడోనాటి ముసురు.
కేబిన్ల నేను, లీవరు మీద చెయ్యి,
బొగ్గుబండికి లైను ఇయ్యాలె.
పట్టాల అవతల మా గల్లీ దిక్కు ఒక మోత.
పెద్దది కాదు,
నానిన గోనెసంచి జారిపడ్డట్టు.
"అన్నా, మీ దిక్కే. పోయొస్తవా?" అన్నడు గేటు కాడి సైదుమియా.
ఉరుము, అన్న.
డ్యూటీ దిగేదాక ఉరుమే.

మట్టిగోడ కింద మా ఓదెలు
అరగంట మాట్లాడిండని పక్కింటోళ్లు చెప్పిన్రు.
ఏం మాట్లాడిండో నేనడగలే.

బండి టైముకే పోయింది.
రెండు గంటల పన్నెండు నిమిషాలు,
రిజిష్టర్ల నా దస్కతు.
ఎవరూ తప్పు పట్టలే, గదే కష్టం.

మొన్న చలికాలం హన్మకొండ చౌరస్త కాడ సారు కలిసిండు,
చేతికర్ర, చెవి మిషిను.
గట్టిగ అడిగిన: "గ్రూషీ తర్వాత ఏమైండు సార్?"
"చాన ఏండ్లు బతికిండు.
నా తప్పు లేదని రాసుకుంటనే ఉన్నడు."
బండోని దగ్గర పొట్లం కట్టిచ్చి నా చేతుల పెట్టిండు.
రేగుపండ్లు.
ఒకటి నోట్లేసుకున్న. పులుపు.
గింజ లోపలనే ఉన్నది,
ఉమ్మబుద్ధి కాలే.