పదకొండు - సున్న

డిసెంబరు రెండో శుక్రవారం.
మూడున్నరకే లడ్లో కొండమీద చీకటి పడింది.
ఆఫీసు గదిలో హీటరు టకటకమంటుందే గానీ
వేడెక్కదు.
నాలుగు పేజీలు, ఇరవై ఎనిమిది వార్తలు,
సోమవారం పొద్దున్నకి పిల్లల సంచుల్లో ఉండాలి.

హెడ్‌మాస్టరు పెల్లో గారు పచ్చసిరాతో రాసి పంపారు:
"మిసెస్ కొల్లూరి, విజయాలు ముందు.
మిగతావి చోటుంటే."

విజయాలు ముందే పెట్టాను.
ఆటిలీ ఫెయిర్‌హర్స్ట్‌కి సంగీతంలో స్కాలర్‌షిప్పు.
ఆ పిల్ల చెల్లో ఆ పిల్లకన్నా పొడుగు,
మెట్లమీద దాన్ని
నిద్రపోయిన తమ్ముణ్ణి మోసినట్టు మోసుకు దిగుతుంది.
లాటిన్ పోటీలో మనది రెండో స్థానం
(మొదటిది ఎవరిదో రాయొద్దన్నారు).
హాకీ అమ్మాయిలు ఆరింట అయిదు గెలిచారు,
ఆరోది పొగమంచు కమ్మి ఆగిపోయింది,
దాన్నీ గెలుపులోనే కలిపేసుకున్నారు.
పంటల పండక్కి ఫుడ్ బ్యాంకుకిచ్చిన డబ్బాలు
నూట నలభై రెండు.
అందులో తొంభై బీన్సే.

ఇక తొమ్మిదేళ్ళలోపు బి జట్టు.
ఆడినవి ఏడు.
కోచ్ గ్రిండ్లీ రిపోర్టు ఒక్క లైను:
"ఎంతో ఉత్సాహంగా ఆడారు."
ముప్పయ్యేళ్ళయింది ఈ దేశమొచ్చి,
ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

లెమ్‌స్టర్ వాళ్ళతో ఆట రోజున
ఎవరో మర్చిపోయిన ఆస్తమా పంపు ఇవ్వడానికి వెళ్ళి
గీత పక్కన ఆగిపోయాను.
గోల్లో కాస్పర్ ట్రెంచ్.
గ్లోవ్స్ వాళ్ళన్నయ్యవి,
వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడుతున్నాయి.
ఒకటి. రెండు. నాలుగోదానికి వాన.
ప్రతిసారీ వలలోంచి బంతి తనే తీసి
చొక్కాతో బురద తుడిచి
పేరంటంలో తాంబూలం అందించినంత శ్రద్ధగా
మధ్యకి పంపేవాడు.
ఆఖరి విజిల్ అయ్యాక నా దగ్గరికొచ్చి
"ఎన్నయ్యాయి మిసెస్ కె?
ఆరు దగ్గర లెక్క తప్పింది" అన్నాడు.
"తొమ్మిది" అన్నాను.
హాజరు పట్టీలో చుక్క తేడా రానివ్వని మనిషిని.
"అయితే రెండంకెలు దాటలేదు!" అని
ఎగిరి పైకమ్మీ తాకబోయాడు.
అందలేదు.

ఇప్పుడా అంకె టైపు చెయ్యాలి.
పదకొండు, గీత, సున్న.
తెనాలిలో మా వకుళమ్మ టీచరు
పలకమీద సున్న చుట్టించి
"ఇది ఖాళీ కాదర్రా, పూర్ణం" అనేవారు.
మాకు మాత్రం బూరెలో పూర్ణం గుర్తొచ్చి
నోట్లో నీళ్ళూరేవి.
అరసున్న కూడా ఆవిడే నేర్పారు:
ఉంటుంది, పలకదు.
గ్రిండ్లీ గారి ఒక్క లైన్లో
ఆ వాన మధ్యాహ్నమంతా అలాగే ఉంది.

కొత్త కారు పార్కు గురించి మూడు లైన్లున్నాయి,
ఒకటి తీసేశాను.
ఆ చోట్లో రాశాను:
"పదకొండు - సున్న. గోల్ కీపర్ సి. ట్రెంచ్
పదకొండుసార్లూ బంతి తుడిచి ఇచ్చాడు."
పచ్చసిరా తిరిగొచ్చింది: "ఇది విజయమేనా?"
కింద "చోటుంది" అని రాసి పంపాను.

సోమవారం రెండో గంటకి
కౌంటరు మీద గడ్డం ఆనించి వాడు.
కాగితం నాలుగు మడతలు.
"పదకొండా?"
నాకు నోట మాట రాలేదు.
"అప్పుడే అనుకున్నా, మీరు చెప్పేటప్పుడు
మీ చెవులు ఎర్రబడ్డాయి" అన్నాడు, ఏ కోపమూ లేకుండా.
తర్వాత, కొంచెం ఆగి,
"ఇంకోటుందా? మా గ్రానీకి.
నా పేరు అచ్చులో ఎప్పుడూ చూళ్ళేదు ఆవిడ."

రెండిచ్చాను.
స్టేపిళ్ళు వంకరగా పడ్డాయి.