జీరో టికెట్టు

ఇరవై మూడు ప్రశ్నలు నా దగ్గర.
ఒక్కోదానికి ఐదు గళ్ళు.
సున్నా అంటే అస్సలు లేదు,
నాలుగంటే భరించలేనంత.

రెడ్ హిల్స్ ఆసుపత్రి. డే కేర్ వార్డులో
కిటికీ పక్క తొమ్మిదో కుర్చీ.
స్టాండుకు వేలాడే ఎర్రమందు
చుక్క చుక్క తర్వాత
ఏదో ఆలోచించుకుని మళ్ళీ చుక్క.

అండాలు. నలభై ఆరేళ్ళు.
ఆర్టీసీ కండక్టరు, మెహదీపట్నం డిపో.
వృత్తి అన్న గడి నింపుతుంటే నా పెన్ను మీద వేలు పెట్టింది:
"ఛుట్టీల ఉన్నదని రాయి.
మానేసిందని రాయకు."

గత ఏడు రోజులలో
అద్దంలో చూసుకొనుటకు ఇబ్బంది పడ్డారా?

"నాకు అద్దమంటే డ్రైవర్ ముందల ఉండేదే.
అండ్ల నేను కాదు,
ఫుట్‌బోర్డు మీద పిల్లలు కనవడాలె.
సున్నా."

రాలిన జుట్టును చూసి దుఃఖం కలిగినదా?

కాసేపు స్టాండు వైపు చూసింది.
"బాత్రూం జాలీల అడ్డం పడ్డది, నీళ్ళు పోలె.
మా ఆయన పుల్లతోటి తీసిండు.
తీసి పారెయ్యలె.
కాయితంల చుట్టి స్కూటర్ డిక్కీల పెట్టుకుండు.
ఇంకా అండ్లనే ఉన్నది, పంచరు సామాను కింద.
నాకు తెల్వదనుకుంటడు.
ఈ ప్రశ్న ఆయన్ని అడుగు."

ఆయనకు గడి లేదు.
సూచనల పుస్తకం చెబుతుంది:
ప్రశ్నను అవే మాటల్లో మళ్ళీ అడగండి,
అర్థం వివరించకండి.
మళ్ళీ అడిగాను.
సున్నా.

ఇతరుల చూపులను తప్పించుకొనుటకు
ఏవైనా చేయవలసి వచ్చినదా?

ఈసారి నవ్వింది, సూది కదిలేంతగా.
"బస్తీల అందరికీ తిరుపతి వోయొచ్చిన అని చెప్పిన.
ఎదురింటి కౌసల్య గుండు దిక్కు చూసి,
మరి లడ్డేది? అన్నది.
ఏం జేస్త?
మొజంజాహి మార్కెట్ల కిలో కొన్న,
పదకొండు ఇండ్లకు పంచిన.
కండ్లకద్దుకొని తిన్నరు.
ఆ రాత్రి ఏడ్చిన.
జుట్టుకు కాదు,
ఆళ్ళు కండ్లకద్దుకున్నందుకు.
దానికెంత ఏస్తవో ఏసుకో."

వేశాను. మూడని వేసి,
అది జుట్టు గురించి కాదు కదా అని కొట్టేసి,
మళ్ళీ మూడే వేశాను.

చివరికి తొంభై రెండుకు ఏడు.
ఏడంటే 'స్వల్పం' అని పట్టికలో ఉంది.

ఆమె కాగితం తన వైపు తిప్పుకుని
వేలితో గళ్ళ వెంట కిందికి దిగింది,
స్టేజీలు చూసుకునే అలవాటుతో.
"శాన సున్నలు వడ్డయి.
అలకగ తీసుకోకు బిడ్డా.
ఆడోళ్ళకు మేం జీరో టికెట్టు కొడతం సూడు,
పైసలుండయి.
గని ఎక్కడెక్కింది, ఎక్కడ దిగుతది
అన్నీ పడ్తయి దాని మీద.
జీరో అని బస్సుకు బరువు తక్కువైతదా?"

ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?
ఈ ప్రశ్నకు అంకెల్లేవు. మూడు గీతల ఖాళీ, అంతే.

ఈ వార్డులో చేరిన రోజు నుంచి
జడను ముడేసి చున్నీ కింద దాస్తున్నాను.
ఎవరూ గమనించలేదనుకున్నాను.

"ఆ జడ ఇడువు," అంది అండాలు.
"గింత మంది కూసున్న కాడ
ఒక్కలదన్న ఊగాలె."

రాసుకున్నాను, ఉన్నదున్నట్టు, ఆమె యాసలోనే.

వారం తర్వాత ఫారం వెనక్కొచ్చింది.
సున్నాలన్నింటి చుట్టూ ఒకే పెన్సిల్ గీత,
పక్కన డేటా సెక్షన్ వాళ్ళ అక్షరాలు:
ఇవి సున్నాలా,
జవాబు రాని ప్రశ్నలా?

ఫారం నా సంచిలోనే ఉంది.
నాంపల్లి దాటింది బస్సు.