నలభై మూడో మెట్టు

ఉప్పు వర్తకుడి ఇల్లు ఇది,
ఎవరొచ్చినా అక్కడే మొదలుపెడతాను.
తలుపు మీద చెక్కిన అంకెలు చూపిస్తాను:
పదహారు వందల ఎనభై నాలుగు.
నాలుగుకి ఒక కాలు రాలిపోయింది,
ఒకటిలా కనిపిస్తే మన్నించండి.

పదకొండేళ్ళుగా ఇదే పాఠం.
నదిలో పడవలు, నేలమాళిగలో దాచిన బస్తాలు,
ఒక బిషప్పు గారు జ్వరంతో మూడు రాత్రులు పడుకున్న గది.
ఒక్క ముక్క పొల్లుపోదు.
వంటింట్లోంచి నా భర్త ఎతియెన్
నాకంటే ముందే పెదవులు కదుపుతుంటాడు.

నవంబరులో వచ్చాడతను,
మా ఊరికి వాన తప్ప ఎవరూ రాని నెల.
చూరు కింది నీలం గదే కావాలని ఫోనులోనే అడిగాడు.
నలభై రెండు మెట్లు మస్యూ, మోకాళ్ళు జాగ్రత్త అన్నాను.
నలభై మూడు, అన్నట్టు వినిపించింది.
లైను సరిగ్గా లేదు.

ఆర్మిందు తవారెస్. అరవై ఎనిమిదేళ్ళు.
తడిసిన టోపీ చేత్తో పట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు,
పక్క సందులోని చిన్న తలుపు వంక చూస్తూ.
అది మూసేశాం, లోపల బాయిలరు పెట్టాం అన్నాను.
ఓహో అన్నాడు.
కాళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

పురాణం విప్పాను.
ఉప్పు, పడవలు, బిషప్పు.
సొంత ఊరి కబురు పొరుగూరివాడు చెబుతుంటే విన్నట్టు
మర్యాదగా విన్నాడు.

సంచి అందుకోబోతే ఇవ్వలేదు.
తనే ముందు నడిచాడు.
రెండో మలుపులో నాలుగో మెట్టు మీద
కాలు పెట్టకుండా దాటేశాడు,
పిల్లి కాలువ దాటినట్టు.
ఆ మెట్టు కేక పెడుతుంది.
కొత్తవాళ్ళు ఉలిక్కిపడితే
ఇల్లు మిమ్మల్ని పలకరిస్తోంది అంటాను నవ్వుతూ.
ఆ మాట ఆ రోజు నోట్లోనే ఉండిపోయింది.

గదిలోకి వెళుతూ తల వంచాడు.
అక్కడ వంచాల్సిన పని లేదు,
ఆ దూలాన్ని మేం వచ్చిన ఏడే ఎత్తు చేయించాం.
లేని దూలానికి తల వంచిన మనిషిని
నేనెన్నడూ చూడలేదు.

ఈ నీలం ఎక్కడిది అని అడిగాడు.
గోడ గీకితే అడుగున ఇదే కనబడింది,
రాజుల కాలం నాటి రంగు అయ్యుంటుందన్నాను.
గోడకి వేలు ఆనించాడు.
"బట్టలకి పెట్టే నీలిమందు.
సున్నంలో కలిపితే ఈగలు రావు."
అంతే. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

పొద్దున రేగుపళ్ళ జామ్ కాదు, రొట్టె కాదు,
కాఫీ మాత్రం తాగాడు, నిలబడే.
కూర్చోండి అంటే వంటింటి బల్ల వైపు అడుగేసి,
ఆగి, హాల్లోకి వచ్చి కూర్చున్నాడు.
ఎన్నాళ్ళున్నారు ఇక్కడ, అని అడిగేశాను.
"ఆరు చలికాలాలు.
ఎండాకాలం పైన కాలిపోయేది, పెరట్లో పడుకునేవాళ్ళం,
అది లెక్కలోకి రాదు.
అయిదింటికి పొయ్యి రాజేయాలి మా అమ్మ.
నోటరీ గారి భార్యకి నిద్ర పలచన.
అందుకే ఆ మెట్టు."
అమ్మ పేరు అడిగాను.
దెయోలిందా, అన్నాడు, కప్పులోకి చూస్తూ.

నూట పది యూరోలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
వద్దనబోయాను.
ఎతియెన్ నా వంక చూశాడు, పైకప్పు బాకీ ఇంకా తీరలేదు.
"తీసుకోండి," అన్నాడతనే.
"ఈ ఇంట్లో మేం డబ్బిచ్చి పడుకోవడం
ఇదే మొదటిసారి."

పైకెళ్ళి చూస్తే పక్క పరిచినది పరిచినట్టే,
మూలలు కత్తితో కోసినంత నిక్కచ్చిగా మడిచి.
నాకు చేతకాని మడత అది.
దుప్పటి మార్చాలా వద్దా అని
కాసేపు అలాగే నిలబడ్డాను. మార్చాను.

సాయంత్రం టార్చి పట్టుకుని
బాయిలరు వెనక్కి ఒరిగాను.
బూజు, తుప్పు, పాత గొట్టం,
దాని కింద ఒక రాతి మెట్టు,
నడుమ గిన్నెలా అరిగిపోయి.

శనివారం బెల్జియం నుంచి ఒక జంట వచ్చింది.
ఎన్ని మెట్లు అని అడిగారు.
చెప్పాను.
ఎతియెన్ పెదవులు మాత్రం
నలభై రెండు దగ్గరే ఆగిపోయాయి.