తక్‌పట్టీ వెనక

రేపు పదకొండుకు గొంతు డాక్టరు.
టోకెను ఇరవై మూడు.
మూడు నిమిషాలు దొరికితే గొప్పంట,
హమాలీ కుళ్ళాయప్ప చెప్పినాడు.
పోయినేడు వాని హెర్నియాకు రెండే దొరికినాయంట.

మూడు నిమిషాల్లో
పన్నెండు టన్నుల చీనీకాయలు పాడి అమ్మినోణ్ణి.
అనంతపురం యార్డులో పొద్దున్నే
కుప్ప పక్కన నిలబడి
పద్దెనిమిదీ, పద్దెనిమిదిన్నరా, పందొమ్మిదీ... అంటే
అవతలి షెడ్డులో ఢిల్లీ సేటు
టీ గ్లాసు కింద పెట్టి వచ్చేటోడు.

ఇప్పుడు పాత తక్‌పట్టీ వెనక్కి తిప్పి
పెన్సిలు నాలికకు తడుపుకుంటా కూర్చున్నా.

"సార్, గడ్డ మంచిదా చెడ్డదా?"
కొట్టేసినా.
గడ్డల్లో మంచివి కూడా ఉంటాయా అని నవ్వుతాడేమో.
మళ్ళీ రాసినా.
నవ్వనీ.

"కోత ఎంత పొడుగుంటాది?"
ఇది తిప్పమ్మది.
ఆమె అడగాలనుకున్నది ఇది కాదని నాకు తెలుసు.
ఆమెకూ తెలుసు.

షుగరు బిళ్ళ ఆ పొద్దున మింగల్లా వద్దా,
ఇది చంద్రకళ రాయించింది.
నర్సింగు చదివే తమ్ముని కూతురు.
"రిపోర్టులు తేదీ వరసన పెట్టు పెదనాయనా,
మాత్రలు అట్టలతో సహా సంచిలో వెయ్యి.
అర్థం కాకుంటే మాత్రం తల ఊపొద్దు."

తల ఊపొద్దంట నాకు!
యార్డులో తల ఊపితే సరుకు కొన్నట్టే.
ముప్పై ఏండ్లు తలకాయల ఊపు మీదనే బతికినా.
అయినా తెల్లకోటు కనపడితే
ఈ తలకాయ దాని పాటికది ఊగుతాది.

రాత్రి ఆ పిల్లే డాక్టరైంది.
ప్లాస్టిక్ కుర్చీ, తిప్పమ్మ కళ్ళద్దాలు.
"చెప్పండి, ఏం ఇబ్బంది?"
వానల్లేవన్నా. కాయ సైజు రాలేదన్నా.
మంగు పట్టిందన్నా.
"టైమైపాయ పెదనాయనా,
గొంతు మాటే ఎత్తలేదు."

అడగాల్సింది ఒకటే ఉండాది.
చీటీ కింద మూలన, చిన్న అక్షరాల్లో:
గొంతు నరం గడ్డకు ఆనుకోనే పోతాదంట గదా,
అరుపు ఉంటాదా సార్?

మాట కాదు.
మాట అందరికీ ఉంటాది.

"డాక్టరుకు అరుపంటే ఏం తెలుస్తాది,
పాడి చూపియ్యి" అనింది.
పాతూరు సందులో రాత్రి పది.
గడప మీద నిలబడి ఎత్తుకున్నా,
ఒకటోసారీ...
ఎదురింట్లో లైటు ఎలిగింది.
రెండోసారీ...
రీ దగ్గర జీర పడింది.
మూడోసారి అనలేదు.
అంటే ఇంక సరుకు మనది కాదు.

చీటీ మడుస్తా మడుస్తా
ముందువైపు చూసినా.
ఏ తాడిమర్రి రైతుదో లెక్క, నా చేతిరాతే.
బరువు ఇంత. తరుగు ఇంత.
ఎందుకింత తీస్తిరని ఆయప్ప ఆ పొద్దు
నోరు తెరిచినాడు, మళ్ళీ మూసుకున్నాడు.
నేను అప్పటికే
పక్క కుప్ప పాడుతున్నా.