మోతాదు

శనివారం పొద్దున మందుల షాపు షట్టరు సగం ఎత్తేసరికే
సెవెర్న్ ఒడ్డున గుడారాలు లేచి ఉన్నాయి.
దీపస్తంభం నుంచి దీపస్తంభానికి
ముక్కోణపు గుడ్డజెండాలు,
నిరుటి వానకి వెలిసినవే, మళ్ళీ కట్టారు.
హెర్న్‌ఫర్డ్‌లో రెండురోజుల పండగ.
ఏటి కథా, ఊరి పాటా.

చరిత్ర గుడారంలో మిసెస్ పార్డో
ప్లాస్టిక్ తొడిగిన ఫొటోల్ని
బట్టల క్లిప్పులతో ఆరేసింది:
తాళ్ళు పేనే కార్ఖానా, ఉప్పు పడవలు,
కొమ్ముని చెక్కి దువ్వెనలు చేసే ముసలాయన,
నలభై ఏడు వరదలో
మేడ కిటికీలోంచి రొట్టె అందుకుంటున్న ఒక చెయ్యి.
చెయ్యి ఎవరిదో తెలియదట.
కింద పెన్సిల్‌తో ప్రశ్నార్థకం.

రేవు పక్క సత్రం గోడమీద
ఏరు తన ఎత్తు తనే గీసుకుంది,
ఏటేటా పిల్లల్ని గుమ్మానికి ఆనించి గీసినట్టు.
పిల్లలు ఆ గీతలకి వీపు ఆనించి
ఏ సంవత్సరానికి తాము మునిగేవాళ్ళో
చూసుకుని నవ్వుకుంటున్నారు.

ఇక్కడ కొబ్బరికాయ కొట్టడమంటే
దూరం నుంచి బంతితో కొట్టడం.
పగలక్కర్లేదు, పడితే చాలు.
మూడు పౌన్లు పోగొట్టుకుని వచ్చాను.

నాకు తెలిసిన చరిత్ర వేరు.
పదకొండేళ్ళుగా ఈ ఊరి గుండెవేగాన్ని
కాగితపు సంచుల్లో మడిచి ఇస్తున్నాను.
ఎవరికి నిద్ర పట్టదో,
ఎవరు మాత్రలు మానేసి ఇంట్లో చెప్పలేదో,
మేయరు మెడలోని బంగారు గొలుసు కింద
ఏ పట్టీ అంటించి ఉందో.
ఆ ఫొటోలు ఏ గుడారంలోనూ ఆరేయరు.
నా నోటికి
పిల్లలు తియ్యలేని మూత.

ఆదివారం మూడున్నరకి ఇత్తడి బ్యాండు.
రెండో వరసలో, ట్రాంబోన్‌తో, గిటిన్స్.
తాడు భుజానేసుకుని ఈ ఒడ్డున పడవల్ని లాగింది
వీళ్ళ ముత్తాతలేనని మైకులో చెప్పారు.
నేను వాచీ చూసుకున్నాను.

ఏప్రిల్లో అడిగాడు, కౌంటరు మీదికి వంగి,
"నాలుగింటి మాత్ర మూడింటికి వేసుకోవచ్చా?
ఒక్క రోజుకే."
కుడిచెయ్యి కోటుజేబులో దాచుకున్నాడు.
ఎందుకని అడగలేదు.
డాక్టరుకి ఫోన్ చేసి, సరేనన్నాను.

పావు తక్కువ నాలుగు.
మిగతావాళ్ళు వాయిద్యాలు దించారు.
ఆయనొక్కడే లేచాడు.
పడవ రేవుకి చేరడానికి తొందరేం లేదన్నట్టుండే
పాత వరస ఏదో ఎత్తుకున్నాడు.
ఇత్తడి గొట్టం ముందుకి జారింది,
ఇంకా ముందుకి,
చిట్టచివర, ఇంక చెయ్యి చాచలేని చోట
వణికింది.

వణుకు స్వరంలోకి దిగింది.
నా వెనక ఎవరో
"ఎంత బాగా ఊపాడో" అన్నారు.
చిన్నప్పుడు నాకు వీణ చెప్పిన శేషమాంబగారైతే
గమకం అని ఊరుకునేవారు.
నేను మాత్రం
ఇంకో పావు మాత్ర ఉండాల్సిందేమో అనుకున్నాను.
అనుకున్నందుకు సిగ్గేసింది.
చూపు తిప్పుకుంటే సత్రం గోడ.
అక్కడ గీతలూ తిన్నగా లేవు.

చప్పట్లకి రెండు హంసలు
చిరాగ్గా అవతలి ఒడ్డుకి పోయాయి.

సోమవారం తెరవగానే వచ్చాడు,
తుంపర పట్టిన కళ్ళద్దాలతో.
బయట మిసెస్ పార్డో నిచ్చెనెక్కి
జెండాలు విప్పుతోంది.
చీటీ కౌంటరు మీద పెట్టి,
ఈసారి చెయ్యి దాచుకోకుండా,
"మూడో దీపం దగ్గర నిలబడ్డారు మీరు" అన్నాడు.
"అందరూ నన్ను చూస్తున్నారు,
మీరేమో వాచీ."

ఏం చెప్పను?

"టైము సరిపోయిందా?"
ఆయనే అడిగాడు.

సంచి మూతి మడిచాను.
మడిచినచోటే
మళ్ళీ మడిచాను.